ఫైబర్ కనెక్షన్‌కు అన్నీ ఉన్న ఒకే బాక్సు మంచిదా, మోడెం వేరుగా రౌటర్ వేరుగా పెట్టుకోవాలా?

ప్రశ్న: బాచుపల్లి వాసి

సభ్యులందరికీ నమస్కారం. బాచుపల్లిలో కొనుక్కున్న మూడు పడకగదుల ఫ్లాటులోకి మేము త్వరలో మారబోతున్నాం. ఇంటీరియర్ పని ఇంకా నడుస్తోంది, గోడలకు చివరి కోటు రంగు పడలేదు. కాబట్టి వైర్ల విషయంలో ఏ మార్పు చేయించాలన్నా ఇప్పుడే చేయించాలి. ఇంటర్నెట్ కోసం 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాను తీసుకోవాలని అనుకుంటున్నాం. కనెక్షన్ ఇచ్చే సంస్థ ప్రతినిధి రెండు మార్గాలు చెప్పారు. ఆరు నెలల చందా ముందుగా కడితే మోడెం, రౌటర్, వైఫై, ల్యాండ్‌లైన్ పోర్టు అన్నీ కలిసి ఉన్న డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండు వైఫై సిగ్నళ్లూ ఇచ్చే) బాక్సును వాళ్లే పెడతారు. అది వాళ్ల సొత్తుగానే ఉంటుంది, కనెక్షన్ మానేసిన రోజు తిరిగి ఇచ్చేయాలి. లేదంటే ఒకే ఒక ల్యాన్ పోర్టు ఉన్న చిన్న ఓఎన్‌టీని (ఫైబర్‌కు మోడెం లాంటి పెట్టె) వాళ్లు పెడతారు, రౌటర్ మనమే కొనుక్కోవాలి.

ఇంటి సంగతి కూడా చెబితే మీకు వీలుగా ఉంటుంది. ఫ్లాటు 1,650 చదరపు అడుగులు. ముఖద్వారం పక్కన, చెప్పుల స్టాండు పైన బిల్డర్ గోడలోకి ఒక ఇనుప రేకు పెట్టె బిగించి ఇచ్చారు. బయటి డక్టులో నుంచి ఫైబర్ వచ్చేది ఆ పెట్టెలోకే, అందులో ఒక ప్లగ్ పాయింటు కూడా ఉంది. నేను ఇంటి నుంచి పనిచేసే గది ఫ్లాటుకు అటు చివరన ఉంటుంది, మధ్యలో వంటగది, పూజగది గోడలు అడ్డు వస్తాయి. నా భార్య హాలు పక్క గదిలో కూర్చుని ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. నాన్నగారు సాయంత్రం నుంచి రాత్రి దాకా టీవీలో ప్రవచనాలు, వార్తలు చూస్తారు. అమ్మ మాత్రం పాత ల్యాండ్‌లైన్ నంబరును వదులుకోవడానికి ఒప్పుకోవడం లేదు, ఎందుకంటే ఊళ్లోని బంధువులందరి దగ్గరా ఉన్నది ఆ నంబరే. ఇవి కాక బాల్కనీలో ఒక కెమెరా పెట్టాలి.

ఆఫీసులో అడిగినవారందరూ విడిగా పెట్టుకోవడమే మంచిదని అంటున్నారు గానీ, ఎందుకు మంచిదో, మా ఇంటికి అది నిజంగా అవసరమో ఎవరూ విడమరచి చెప్పలేదు. రౌటర్ కోసం ఖర్చు పెట్టడానికి వెనకాడను. అయితే ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి, నేను ఊళ్లో లేనప్పుడు వాళ్లు ఇబ్బంది పడే ఏర్పాటు నాకు వద్దు. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు: ఫైబర్ లైన్ టెక్నీషియన్, కొత్తపేట

బాచుపల్లి వాసి గారికి, నేను ఇళ్లకు ఫైబర్ లాగే పనిలోనే ఉన్నాను కాబట్టి ముందుగా పేర్ల గందరగోళం తీర్చి, ఆ తర్వాత మీ ప్రశ్నకు వస్తాను. మోడెం అనే మాట టెలిఫోన్ తీగ మీద నెట్ వచ్చిన రోజుల నాటిది. రాగి తీగ కనెక్షన్లకు ఏడీఎస్ఎల్ మోడెం, టీవీ కేబుల్ మీద వచ్చే నెట్‌కు కేబుల్ మోడెం ఉండేవి. ఫైబర్‌లో ఆ పని చేసేది ఓఎన్‌టీ. గాజు తీగలో వచ్చే కాంతిని ల్యాన్ కేబుల్‌లో వెళ్లే విద్యుత్ సంకేతంగా మార్చడం దాని పని. రౌటర్ పని వేరు, వైఫై పని ఇంకా వేరు. అన్నీ ఉన్న బాక్సు అంటే ఈ మూడు పనులనూ ఒకే సర్క్యూట్ బోర్డు మీద పెట్టినది. ఇక మన నగరంలో చాలా అపార్టుమెంట్లకు ఏళ్ల తరబడి డాబా మీది స్విచ్ నుంచి నేరుగా ల్యాన్ కేబుల్ దింపి కనెక్షన్ ఇచ్చారు. ఏసీటీ సంస్థ కనెక్షన్లు చాలా వరకు ఇలాంటివే ఉండేవి. అక్కడ ఇంట్లో మోడెం అనే వస్తువే ఉండదు, కేబుల్‌ను రౌటర్‌లో గుచ్చితే చాలు. మీకు వచ్చేది నిజంగా ఇంటి దాకా ఫైబరేనా, లేక భవనం దాకా ఫైబర్ వచ్చి అక్కడి నుంచి ల్యాన్ కేబులా అన్నది ముందు నిర్ధారించుకోండి. రెండోదైతే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే తేలిపోతుంది.

ఇంటి దాకా ఫైబరే అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఓఎన్‌టీని ఎంచుకోవడంలో మనకు స్వేచ్ఛ తక్కువ, రౌటర్‌ను ఎంచుకోవడంలో పూర్తి స్వేచ్ఛ ఉంది. ఒక్కో లైన్‌ను స్ప్లిటర్ ద్వారా 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. ఇలా పంచే జీపాన్ అనే పద్ధతిలో ఆ లైన్ మొత్తానికి దిగువకు సుమారు 2.5 గిగాబిట్లు, ఎగువకు సుమారు 1.25 గిగాబిట్లు ఉంటాయి. ఏ ఇంటి ఓఎన్‌టీ ఎప్పుడు మాట్లాడాలో అవతలి కేంద్రంలోని యంత్రమే నిర్ణయిస్తుంది. అందుకే ప్రతి ఓఎన్‌టీ సీరియల్ నంబరునూ అక్కడ నమోదు చేయాలి. బజారులో మంచి ఓఎన్‌టీ కొనుక్కొచ్చి మనంతట మనం పెట్టుకుంటే ఎర్ర లైటు వెలగడం తప్ప ప్రయోజనం ఉండదు. సంస్థ అంగీకరించి నమోదు చేస్తేనే అది పనిచేస్తుంది. కాబట్టి ఓఎన్‌టీని వాళ్లకే వదిలేసి, మీ ఆలోచనంతా రౌటర్ మీద పెట్టండి.

ఇప్పుడు అమ్మగారి ల్యాండ్‌లైన్. చాలామంది పట్టించుకోనిది ఇదే, మీ ఇంటికి అన్నిటికన్నా ముఖ్యమైనది కూడా ఇదేనని నా అభిప్రాయం. ఫైబర్‌లో ఫోన్ మాట కూడా డేటాగానే వస్తుంది. దాన్ని మామూలు టెలిఫోన్‌కు అందించే పోర్టు, ఆ నంబరు తాలూకు సెట్టింగులు ఓఎన్‌టీలోనే ఉంటాయి. ఒకే ల్యాన్ పోర్టు ఉన్న చిన్న ఓఎన్‌టీలో సాధారణంగా ఫోన్ పోర్టు ఉండదు. మీరు ఎంత ఖరీదైన రౌటర్ కొన్నా ఆ లోటు తీరదు. అందువల్ల ఆ ప్రతినిధి చెప్పిన రెండు మార్గాలూ కాకుండా మూడోది అడగండి: వాళ్ల పెద్ద బాక్సునే పెట్టించుకుని, ఇంటర్నెట్ వరకు దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైన్‌ను నేరుగా దాటించే పద్ధతిలో) ఉంచి, వైఫై ఆపేసి, దాని వెనక మీ సొంత రౌటర్ పెట్టుకోవడం. ఫోన్ దాని దారిన అది ఆ బాక్సు నుంచే పనిచేస్తుంది. చాలా సంస్థల టెక్నీషియన్లు అడిగితే ఈ ఏర్పాటు చేసి ఇస్తారు, అడగకపోతే తమంతట తాము చెప్పరు.

టెక్నీషియన్ వచ్చిన రోజు రెండు విషయాలు దగ్గరుండి చూడండి. మొదటిది కాంతి బలం. ఆయన దగ్గర చేతిలో పట్టే పవర్ మీటరు ఉంటుంది, లేదా ఓఎన్‌టీ పేజీలోనే ఆ అంకె కనిపిస్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే దిగులు లేదు. మైనస్ 27 దగ్గరికి వెళ్లిందంటే ఈ రోజు పనిచేసినా, వానాకాలంలో తీగ అతుకు దగ్గర కాస్త తడి చేరగానే నెట్ వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు మీరు రౌటర్‌ను అనుమానిస్తారు, తప్పు అక్కడ ఉండదు. రెండోది ఫైబర్ వంపు. ఆ రేకు పెట్టెలో మిగిలిన తీగను చుట్ట చుట్టి మూత మూసేస్తారు. వంపు వ్యాసార్థం మూడు సెంటీమీటర్లకు తగ్గకుండా వదులుగా చుట్టమనండి. మూత అంచు కింద తీగ నలిగితే కాంతి అక్కడే కారిపోతుంది. పచ్చ రంగు కనెక్టరు కొన కాస్త ఏటవాలుగా చెక్కి ఉంటుంది, నీలం రంగుది అలా ఉండదు. ఆ రెండింటినీ కలిపి గుచ్చినా సిగ్నల్ పడిపోతుంది.

జవాబు: విశ్రాంత ఉద్యోగి, తార్నాక

పై సోదరులు చెప్పిన సాంకేతిక విషయాలతో నాకు విభేదం లేదు. అయితే విడిగా పెట్టుకోవడమే అందరికీ మేలన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. మా ఇల్లు రెండు గదుల పాత ఇల్లు, ఉండేది మేమిద్దరం. సంస్థవారు ఇచ్చిన ఒకే బాక్సు హాలు మధ్యలో అలమర మీద ఉంది, ఇల్లంతా సిగ్నల్ చక్కగా వస్తుంది. ఏదైనా తేడా వస్తే ఒకే నంబరుకు ఫోన్ చేస్తాం, ఒకే మనిషి వచ్చి చూస్తారు, బాక్సు చెడిపోతే ఉచితంగా మార్చి వెళతారు. ఇంతకు మించిన సదుపాయం మా వయసు వారికి అక్కర లేదు.

ఇంతకుముందు మా అబ్బాయి ఇక్కడ ఉన్నప్పుడు సొంత రౌటర్ పెట్టాడు. వాడు బెంగళూరు వెళ్లిపోయిన తర్వాత నెట్ ఆగినప్పుడల్లా కస్టమర్ కేర్ వారు మీ రౌటర్ సమస్య అనడం, రౌటర్ కొన్న దుకాణం వారు లైన్ సమస్య అనడం, మధ్యలో మేము నలిగిపోవడం జరిగేది. కాబట్టి బాచుపల్లి వాసి గారు, మీరు ఊళ్లో లేనప్పుడు అమ్మానాన్నలు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ లైటు చూసి ఏమని చెప్పాలి అన్నది తేలకుండా రెండు పెట్టెలు పెట్టకండి. తప్పనిసరిగా పెట్టవలసి వస్తే, ఒక పొట్టి ల్యాన్ కేబుల్‌ను ఆ పెట్టెలోనే ఉంచండి. నెట్ రానప్పుడు రౌటర్‌ను పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌ను నేరుగా ఓఎన్‌టీకి తగిలించి చూస్తే, తప్పు లైన్‌లో ఉందా రౌటర్‌లో ఉందా అన్నది తెలిసిపోతుంది. పెద్దవాళ్లకు ఆ పని చేతకాకపోయినా, పక్క ఫ్లాటులోని కాలేజీ పిల్లవాడిని పిలిస్తే చేసి పెడతాడు. బ్రిడ్జ్ మోడ్‌లో ఉంటే మాత్రం ల్యాప్‌టాప్‌లో కనెక్షన్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కూడా కొట్టవలసి ఉంటుంది, అవి కాగితం మీద రాసి పెట్టాలి.

ఇంకో మాట. ఆ పెట్టెలోని లైట్లలో లాస్ (LOS) అని రాసి ఉన్న చోట ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్ తెగిందనో, కాంతి అందడం లేదనో అర్థం. ఆ ఒక్క సంగతి మీ నాన్నగారికి నేర్పించండి. ఫోన్‌లో ఆ మాట చెబితే అవతలివారు రీస్టార్ట్ చేయండి, పది నిమిషాలు ఆగండి అని తిప్పకుండా మనిషిని పంపుతారు.

జవాబు: నెట్‌వర్క్ ఇంజనీరు, మాదాపూర్

ప్రశ్న అడిగినవారు ఒకే బాక్సా, రెండు బాక్సులా అని అడిగారు. వారు ఇచ్చిన వివరాలు చదివితే అసలు తేల్చవలసినది వేరే ఉందనిపిస్తుంది. ఫైబర్ ఇంట్లోకి వచ్చి ఆగే చోటు, వైఫై ఉండవలసిన చోటు ఒకటేనా, కాదా? తార్నాక పెద్దాయన గారి ఇంట్లో రెండూ హాలు మధ్యలోనే కలిశాయి, అందుకే ఆయనకు ఒకే బాక్సు హాయిగా పనిచేస్తోంది. బాచుపల్లి వారి ఇంట్లో ఫైబర్ ఆగేది గుమ్మం పక్కన, గోడలో, ఇనుప రేకు పెట్టెలో. వైఫై పెట్టడానికి ఇల్లంతటిలో అంతకన్నా పనికిరాని చోటు ఇంకొకటి లేదు.

ఎందుకో చెబుతాను. ఇనుప రేకు రేడియో తరంగాలను ఆపేస్తుంది. మూత మూసిన పెట్టెలో అన్నీ ఉన్న బాక్సును పెడితే, సందుల్లో నుంచి బయటపడ్డ సిగ్నల్ హాలు దాకా వస్తుంది, ఆ తర్వాత గదుల్లో సగానికి సగం పడిపోతుంది. కొందరు మూత తీసేసి బాక్సును బయటకు వేలాడదీస్తారు. అప్పుడు కూడా సగం సిగ్నల్ లిఫ్టు లాబీకి, ఎదురింటివారికి పోతుంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగం బాగా ఇస్తుంది గానీ గోడలను దాటడంలో 2.4 కన్నా బలహీనం. ముఖద్వారం నుంచి మీ పని గది దాకా రెండు మూడు గోడలు, పైగా టైల్స్ పరిచిన వంటగది, అందులో ఫ్రిజ్ ఉన్నాయి. అక్కడికి చేరేసరికి మీ ల్యాప్‌టాప్ 2.4కు దిగిపోతుంది. అపార్టుమెంటులో 2.4 గిగాహెర్ట్జ్ సంగతి మీకు తెలియనిది కాదు. ఒకదానితో ఒకటి పెనవేసుకోకుండా వాడుకోగలిగిన ఛానళ్లు 1, 6, 11 మూడే. అంతస్తుకు ఆరేసి ఫ్లాట్లు ఉంటే అందరి బాక్సులూ ఆ మూడింటి మీదనే పడతాయి. స్పీడ్ టెస్టులో పొద్దున పదకొండు గంటలకు బాగా కనిపించిన వేగం రాత్రి తొమ్మిదికి కుంగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే, మన లైన్ కాదు.

వేడి గురించి కూడా చెప్పాలి. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ సమయంలో మూసిన రేకు పెట్టెలో వైఫై రేడియోలు కూడా నడుస్తుంటే బాక్సు తాకలేనంత వేడెక్కుతుంది. వైఫై ఆపేసిన ఓఎన్‌టీ అంత వేడెక్కదు. అందుకే నా సలహా స్పష్టం: ఓఎన్‌టీని రేకు పెట్టెలోనే ఉంచి, మూతకు గాలి రంధ్రాలు పెట్టించి, రౌటర్‌ను ఇంటి మధ్యకు తీసుకురండి. హాలు, భోజనాల గది కలిసే చోట ఫాల్స్ సీలింగ్ కింద గానీ, ఎత్తుగా ఉన్న అల్మారా మీద గానీ పెట్టండి. టీవీ వెనక మాత్రం పెట్టకండి, తెర వెనక లోహపు పలక ఉంటుంది.

ఇది జరగాలంటే గోడలకు రంగు పడకముందే ల్యాన్ కేబుల్ లాగించుకోవాలి. రేకు పెట్టె నుంచి రౌటర్ పెట్టే చోటికి ఒకటి కాదు, రెండు కేబుళ్లు వేయించండి. ఒకటి ఓఎన్‌టీ నుంచి రౌటర్‌కు, రెండోది రేపు అక్కర పడినప్పుడు. రౌటర్ నుంచి మీ పని గదికి, టీవీకి ఒక్కొక్కటి. కదలని వస్తువులన్నిటికీ తీగ ఇస్తే కదిలే ఫోన్లకు వైఫై ఖాళీగా దొరుకుతుంది. కరెంటు వైర్లున్న పైపులోనే ల్యాన్ కేబుల్‌ను దూర్చమని ఎలక్ట్రీషియన్ చెబుతారు, ఒప్పుకోకండి, వేరే పైపు కావాలి. కేబుల్ కొనేటప్పుడు క్యాట్ 6 అన్న ముద్ర ఒక్కటే చూడవద్దు. అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన చవక కేబుల్ మీద కూడా అదే ముద్ర ఉంటుంది. కొసను కత్తిరించి బ్లేడుతో గీసి చూస్తే తెల్లగా కనిపించేది అల్యూమినియం. గోడలోకి వెళ్లిపోయే కేబుల్ మళ్లీ మళ్లీ మార్చేది కాదు, పూర్తి రాగిది తీసుకోండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగి, కత్తిరించి చూపించమని చెప్పి కొనవచ్చు.

రౌటర్ విషయంలో అట్టపెట్టె మీది అంకెలను చూసి నిర్ణయించవద్దు. 1200 అని రాసి ఉంటే అది 2.4 మీద 300, 5 మీద 867 కలిపి గుండ్రంగా చెప్పిన లెక్క. ఏ ఒక్క ఫోనూ ఆ వేగాన్ని చూడదు. మీ 200 ఎంబీపీఎస్ ప్లానుకు నిజంగా చూడవలసినది, ఓఎన్‌టీకి, రౌటర్‌కు రెండింటికీ గిగాబిట్ పోర్టులు ఉన్నాయా అన్నది. చవక బాక్సుల పోర్టులు 100 దగ్గరే ఆగిపోతాయి. అలాంటి పోర్టు ఒక్కటి దారిలో ఉన్నా స్పీడ్ టెస్టు 94, 95 దగ్గర నిలిచిపోతుంది, మీరు సగం చందాను ఊరికే కడుతున్నట్టే. ఈ పరీక్ష నెగ్గిన వైఫై 6 డ్యూయల్ బ్యాండ్ రౌటర్ ఏదైనా మీ ఇంటికి సరిపోతుంది. ఒక్క రౌటర్ మీ పని గది దాకా చాలకపోతే, అక్కడికి వేసిన కేబుల్ మీదనే రెండో యూనిట్ పెట్టుకోవచ్చు. గోడలోని ఆ తీగే అప్పుడు అక్కరకు వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: బాచుపల్లి వాసి

అందరికీ ధన్యవాదాలు. మీ జవాబులు చదివిన తర్వాత ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి రేకు పెట్టెలో చూశాను. అందులో నుంచి హాలు సీలింగ్‌కు ఖాళీ పైపు ఒకటి వెళ్లి ఉంది, పని గదికి మాత్రం గోడ కాస్త తవ్వాలి, అది రేపే చేయిస్తున్నాను. ల్యాండ్‌లైన్ కోసం పెద్ద బాక్సునే తీసుకుంటాం. అయితే రెండు సందేహాలు మిగిలాయి. ఫోన్ పోర్టు ఉన్న బాక్సును బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టడానికి తమ దగ్గర అనుమతి లేదని సంస్థవారు అంటే ఏం చేయాలి? రెండోది, మా వైపు వేసవిలో కరెంటు కోతలు, గాలివానకు ట్రిప్ అవడాలు ఉంటాయి. రెండు చోట్ల రెండు వస్తువులు ఉంటే రెండింటికీ బ్యాకప్ ఎలా ఇవ్వాలి?

జవాబు: ఫైబర్ లైన్ టెక్నీషియన్, కొత్తపేట

బ్రిడ్జ్ మోడ్ ఇవ్వకపోయినా ఏమీ మునిగిపోదు. వాళ్ల బాక్సునే రౌటర్‌గా పనిచేయనిచ్చి, మీ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టుకోండి. ఈ మోడ్‌లో మీ రౌటర్ చిరునామాలు పంచడం మానేసి వైఫై, పోర్టుల పని మాత్రమే చూస్తుంది. ఇంట్లోని ఫోన్లు, టీవీ, కెమెరా అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటాయి. చాలామంది చేసేది ఏమిటంటే, రెండింటినీ రౌటర్లుగానే వదిలేస్తారు. అప్పుడు రెండు పొరల చిరునామాలు ఏర్పడి, వాళ్ల బాక్సు వైఫై మీద ఉన్న ఫోను మీ రౌటర్ కింద ఉన్న టీవీని చూడలేకపోతుంది. రెండూ 192.168.1.1 అన్న చిరునామాతోనే వచ్చి ఉంటే నెట్ కూడా తగాదా పెడుతుంది. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఈ బాధలేవీ లేవు. వాళ్ల బాక్సులోని వైఫైని మాత్రం తప్పకుండా ఆపించండి, లేకపోతే ఫోన్లు గుమ్మం దగ్గరి బలహీన సిగ్నల్‌ను పట్టుకుని వదలవు.

కెమెరా గురించి ఒక మాట. బయటి నుంచి నేరుగా ఇంటి చిరునామాకు వచ్చి చూసే పాత రకం డీవీఆర్ (కెమెరా రికార్డర్) అయితే ఈ మోడ్‌లు సరిచేసినంత మాత్రాన పని జరగకపోవచ్చు. చాలా సంస్థలు అనేక ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక ఉంచుతాయి. రౌటర్ పేజీలో మీకు వచ్చిన చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరూ అలాగే ఉన్నారని అర్థం, రౌటర్ సెట్టింగుల్లో ఏ పోర్టు తెరిచినా బయటి నుంచి లోపలికి దారి ఉండదు. తయారీదారు క్లౌడ్ యాప్ ద్వారా చూసే కెమెరాకు ఈ ఇబ్బంది లేదు, అదే తీసుకోండి.

ఇక కరెంటు. ఫైబర్ పద్ధతిలోని మేలు ఇక్కడే కనిపిస్తుంది. కేంద్రం నుంచి మీ ఇంటి దాకా మధ్యలో ఉండే స్ప్లిటర్‌కు విద్యుత్తు అక్కర లేదు, అది కాంతిని పంచే గాజు ముక్క మాత్రమే. వీధంతా చీకటైనా మీ ఇంట్లోని రెండు వస్తువులకు కరెంటు ఉంటే, అవతలి కేంద్రంలో బ్యాకప్ ఉన్నంతసేపూ నెట్, ల్యాండ్‌లైన్ రెండూ పనిచేస్తాయి. ఇంటికి ఇన్వర్టర్ ఉంటే రేకు పెట్టెలోని ప్లగ్‌ను, రౌటర్ దగ్గరి ప్లగ్‌ను ఇన్వర్టర్ లైన్ మీదకు ఇప్పుడే మార్పించండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో కొన్ని బాక్సులు రీస్టార్ట్ అవుతాయి, మళ్లీ లైన్ కలవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మీ శ్రీమతి గారు పాఠం మధ్యలో ఉన్నప్పుడు అది ఇబ్బందే. ఆ బాధ వద్దనుకుంటే రెండు చోట్లా రౌటర్లకు అమ్మే చిన్న డీసీ యూపీఎస్ పెట్టండి. కొనేముందు అడాప్టర్ల మీద ఓల్టేజీ, ఆంపియర్లు చదవండి. చాలావరకు 12 ఓల్టులవే ఉంటాయి గానీ 9 ఓల్టుల రౌటర్లూ ఉన్నాయి. అడాప్టర్ 1.5 ఆంపియర్లు అయితే 1 ఆంపియర్ యూపీఎస్ దానికి చాలదు, వైఫై మీద బరువు పడగానే ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటుంది.

ఉరుముల విషయంలో మీకు భయం తక్కువ. ఫైబర్ గాజు కాబట్టి దాని వెంట పిడుగు తాలూకు విద్యుత్తు రాదు. ఏప్రిల్, మే గాలివానలకు పోర్టులు కాలిపోయి నా దగ్గరికి వచ్చే రౌటర్లలో ఎక్కువ భాగం డాబా మీది స్విచ్ నుంచి గోడ వెంట ల్యాన్ కేబుల్ దిగిన ఇళ్లవే. బాల్కనీ కెమెరాకు బయట నుంచి కేబుల్ వేస్తే మాత్రం మీకూ ఆ జాగ్రత్త వర్తిస్తుంది.

జవాబు: ఉప్పల్ వాసి

విడి రౌటర్‌కు అనుకూలంగా ఇక్కడ ఎవరూ చెప్పని కారణం ఒకటి ఉంది. 2025 ఆగస్టులో నగరంలో విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను తొలగించినప్పుడు చాలా పేటల్లో నెట్ ఆగిపోయింది, మా వీధిలోనూ ఆగింది. మా సంస్థ కొత్త మార్గంలో తీగ వేసే దాకా ఆగలేక మేము వేరే సంస్థ కనెక్షన్ తీసుకున్నాం. కొత్తవారు తమ ఓఎన్‌టీ తెచ్చి పెట్టారు, దాని ల్యాన్ కేబుల్‌ను మా పాత రౌటర్‌లో గుచ్చి కొత్త యూజర్ నేమ్ కొట్టారు, అంతే. వైఫై పేరు, పాస్‌వర్డ్ మారలేదు కాబట్టి టీవీ, ఫోన్లు, కెమెరాలు, గీజర్ స్విచ్ దేన్నీ మళ్లీ కలపవలసిన పని పడలేదు. ఎదురింటివారిది సంస్థ ఇచ్చిన ఒకే బాక్సు. వారు ప్రతి వస్తువునూ ఒక్కొక్కటిగా కొత్త వైఫైకి కలుపుకోవలసి వచ్చింది, కెమెరా బిగించిన మనిషిని కూడా మళ్లీ పిలిపించారు.

పాస్‌వర్డ్‌ల భద్రత కోణంలోనూ ఇది మేలే. సంస్థ బాక్సు సెట్టింగులను వాళ్లు దూరం నుంచి మార్చగలరు, దాని సాఫ్ట్‌వేర్‌ను ఎప్పుడు తాజాపరచాలన్నది వాళ్ల ఇష్టం. సొంత రౌటర్‌కైతే ఆ పని మన చేతిలో ఉంటుంది. కొనేటప్పుడు తయారీదారు అప్‌డేట్లు ఇప్పటికీ ఇస్తున్న మోడలేనా అని వాళ్ల వెబ్‌సైటులో చూసి, డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై రక్షణ పద్ధతి ఉన్నదే తీసుకోండి.

జవాబు: నెట్‌వర్క్ ఇంజనీరు, మాదాపూర్

ఉప్పల్ వారు చెప్పింది నిజమే, దానికి ఒక చిన్న ముందుజాగ్రత్త కలుపుతాను. టెక్నీషియన్ పని ముగించి వెళ్లేముందు నాలుగు వివరాలు ఆయన చేత రాయించుకోండి: కనెక్షన్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్, బ్రిడ్జ్ మోడ్‌కు వాడిన వీల్యాన్ నంబరు (లైన్‌లో ఇంటర్నెట్ దారిని గుర్తించే అంకె), ఓఎన్‌టీ సీరియల్ నంబరు. రౌటర్‌ను ఎప్పుడైనా రీసెట్ చేయవలసి వస్తే మొదటి మూడూ లేకుండా లైన్ కలవదు, ఆదివారం సాయంత్రం కస్టమర్ కేర్‌లో అవి వెంటనే చెప్పేవారు దొరకడం కష్టం. ఆ కాగితాన్ని ఫొటో తీసి మీ ఫోన్‌లో ఉంచుకుని, అసలుదాన్ని రేకు పెట్టె మూత లోపలి వైపు అంటించండి. పాస్‌వర్డ్ గుమ్మం దగ్గర ఉండటం ఇష్టం లేకపోతే దాన్ని మాత్రం బీరువాలో పెట్టి, ఎక్కడ పెట్టారో నాన్నగారికి చెప్పండి.